ఇసుక మీద ఆనకట్ట
(కాటన్ దొర జీవితం నుంచి మన పిల్లలకు ఒక పాఠం)

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన వారికి సర్ ఆర్థర్ కాటన్ పేరు కొత్తగా చెప్పనవసరం లేదు. అక్కడ చాలా ఊళ్ళలో ఆయన విగ్రహం ఉంటుంది. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయనను భగీరథుడితో పోల్చి స్మరించే శ్లోకం కూడా ఉంది. పరాయి పాలకుల సైన్యంలో పనిచేసిన ఒక ఆంగ్లేయుడికి మనవాళ్ళు ఇంత గౌరవం ఇవ్వడం వింతే. మన బడిలో చదివే పిల్లలు చాలామంది ఇక్కడే సౌదీలో పుట్టారు. వాళ్ళకు గోదావరి అంటే సెలవుల్లో రైలు కిటికీలోంచి చూసిన పెద్ద నది. అందుకని ఈ ఏడాది సావనీరులో ఆయన గురించి ఒక పాఠంలా రాస్తే బాగుంటుందని తోటి ఉపాధ్యాయులు అన్నారు.

నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివాను. బతుకుతెరువు సాఫ్ట్‌వేర్ అయింది. అయినా ఆనకట్ట అనగానే నాలోని పాత విద్యార్థి లేచి కూర్చుంటాడు. కాబట్టి ఈ వ్యాసంలో కొంచెం చరిత్ర, కొంచెం ఇంజనీరింగ్ రెండూ ఉంటాయి. పెద్ద తరగతుల పిల్లలు స్వయంగా చదువుకోవచ్చు. చిన్న పిల్లలకు అమ్మో నాన్నో చదివి వినిపించాలి.

నది పక్కనే కరువు

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. 1821లో మన దేశానికి వచ్చారు. అంటే మన పిల్లలు కాలేజీలో అడుగుపెట్టే వయసులో ఆయన ఓడెక్కి ఏడు సముద్రాల అవతలికి ఉద్యోగానికి వచ్చేశారన్న మాట.

అప్పట్లో గోదావరి డెల్టా ఈనాటిలా పచ్చగా లేదు. వరద వస్తే పొలాలు మునిగేవి. వరద పోయాక అదే నీరు సముద్రంలో కలిసిపోయి పొలాలు బీటలు వారేవి. పక్కనున్న గుంటూరు ప్రాంతంలో 1832-33లో వచ్చిన నందన కరువును పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. అక్కడ ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. 1839లో కోరంగి తీరాన్ని పెద్ద తుఫాను ముంచెత్తింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉండగా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. నిండు నది పక్కన ఉండి కూడా ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. జిల్లా దుస్థితిపై విచారణకు వచ్చిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదిక కంపెనీని కదిలించింది. ఆ సమయంలోనే కాటన్ గోదావరిని సర్వే చేశారు. 1846 చివర్లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది.

గురువులు తాపీవాళ్ళే

గోదావరికి రాకముందు కాటన్ కావేరి దగ్గర పనిచేశారు. శ్రీరంగం దగ్గర కావేరి రెండుగా చీలి, ఉత్తరపు పాయ కొల్లడం అవుతుంది. కొల్లడం అడుగు పల్లంగా ఉండడంతో నీరంతా అటే పోయి, తంజావూరు పొలాలకు నీళ్ళిచ్చే కావేరి ఎండిపోసాగింది. దీనికి విరుగుడుగా కాటన్ 1836 నాటికి కొల్లడం మీద రెండు ఆనకట్టలు కట్టారు.

అక్కడ ఆయనకు ఎదురైన సమస్య ఒకటే. నది అడుగున రాయి లేదు. ఎంత తవ్వినా ఇసుకే. గట్టి నేల తగిలేదాకా తవ్వి పునాది వేయాలని ఆయన చదివిన పుస్తకాలు చెబుతాయి. గట్టి నేలే లేనప్పుడు ఏం చేయాలి?

జవాబు పక్కనే ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట సుమారు రెండు వేల ఏళ్ళుగా అదే కావేరి ఇసుకలో నిలబడి ఉంది. కాటన్ దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. పెద్ద పెద్ద బండరాళ్ళను ఇసుకలోకి దించుతారు. నీటి కోతకు రాయి కొంత కిందికి కుంగుతుంది. దాని మీద మళ్ళీ రాయి వేస్తారు. ఇక కుంగదు అనుకున్నాక పైన కట్టుబడి చేస్తారు. ఇసుకలో పునాది వేసే విద్య తమకు ఈ దేశపు పాతకాలం పనివాళ్ళే నేర్పారని కాటన్ తరవాత బాహాటంగా రాసుకున్నారు. పాలించే జాతివాడు పాలితుల దగ్గర చదువుకున్నానని అచ్చులో ఒప్పుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

పన్నెండడుగుల గోడ ఎలా నిలిచింది?

ఇప్పుడు కొంచెం ఇంజనీరింగ్. ధవళేశ్వరం దగ్గర గోదావరి వెడల్పు లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్ళు. మధ్యలోని లంకలు నదిని నాలుగు పాయలుగా విడగొడతాయి. కాటన్ ఆ లంకలను వాడుకున్నారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టి, లంకల మీద మట్టికట్టలతో వాటిని కలిపారు. రాతికట్టు మొత్తం పొడవు రెండుంపావు మైళ్ళు, అంటే సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు మాత్రం పన్నెండడుగులే.

చిన్న గోడే కదా అనిపించవచ్చు. దీని పని నదిని ఆపేయడం కాదు. నీటి మట్టాన్ని కాస్త ఎత్తి కాలువల్లోకి మళ్ళించడం. వరద వచ్చినప్పుడు నది గోడ మీదుగా దొర్లిపోతుంది. జలాశయానికీ ఆనకట్టకూ తేడా అదే.

అసలు ప్రమాదం గోడ కింద ఉంటుంది. ఒక పక్క పన్నెండడుగుల నీరు, రెండో పక్క ఖాళీ. పైనుంచి దారి లేకపోతే నీరు ఊరుకోదు. గోడ కింది ఇసుక రేణువుల సందుల్లోంచి ఊరుతూ అవతలికి వస్తుంది. దారి పొట్టిగా ఉంటే వేగంగా వస్తుంది. వేగంగా వచ్చే నీరు ఇసుకను కూడా మోసుకొస్తుంది. అడుగున గుల్ల ఏర్పడుతుంది. ఒకరోజు గోడ కుంగిపోతుంది. దీనికి మందు దారిని పొడుగు చేయడమే. పునాదిని వెడల్పుగా పరిస్తే నీరు చాలా దూరం నడవాలి. నడిచి నడిచి దాని జోరు తగ్గుతుంది. అప్పుడు నీరు వచ్చినా ఇసుక కదలదు.

అందుకే ఆనకట్ట ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఇసుకలో బావులు దించి వాటి మీద గోడలు లేపారు. గోడల మధ్య ఇసుక నింపి పైన రాతికట్టు వేశారు. దిగువన నీరు దొర్లిపడే చోట కోసుకుపోకుండా చాలా దూరం పెద్ద రాళ్ళు పరిచారు. పక్కనే ఇసుక తూములు పెట్టారు. కాలువ ముఖం దగ్గర మేట వేసిన ఇసుకను అవి కిందికి కడిగేస్తాయి.

నీరు ఎంత దూరం నడవాలో లెక్కగట్టే సూత్రం కాటన్‌కు తెలియదు. బ్లై అనే ఇంజనీరు 1910 ప్రాంతంలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ముతక ఇసుక అయితే నీటి ఎత్తుకు పన్నెండు రెట్ల దారి ఉండాలని ఆయన లెక్క. అంటే పన్నెండడుగుల నీటికి 144 అడుగులు. తరవాతి కాలపు ఇంజనీర్లు ఈ లెక్కను ఇంకా మెరుగుపరిచారు. సూత్రం రాకముందే కాటన్ చేతికి ఆ సంగతి తెలిసిందంటే అది కల్లణై చలవే.

పని నేర్పిన ఏటిగట్టు

1847లోనే ఉత్తరాదిన రూర్కీలో ఇంజనీరింగ్ కళాశాల తెరిచారు. గంగా కాలువ పనులకు మనుషులను తయారు చేయడం దాని ఉద్దేశాల్లో ఒకటి. గోదావరి దగ్గర అలాంటి కళాశాల లేదు. కాటన్ అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. దొరికింది అనుభవం లేని కొద్దిమంది కుర్రవాళ్ళు. పని చేయిస్తూనే వాళ్ళకు పని నేర్పవలసి వచ్చింది. పదివేల మంది కూలీలు, అయిదేసి వందల మంది వడ్రంగులు, కమ్మర్లు ఆ పనిలో ఉండేవారని చెబుతారు. ధవళేశ్వరం కొండ రాయి తీసి, పట్టాల మీద బళ్ళలో ఏటి ఒడ్డుకు చేర్చేవారు. ఏటిగట్టే బడి అయింది.

ఆ బడి ఎలాంటి విద్యార్థులను ఇచ్చిందో చూడండి. మధ్యలో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్ళవలసి వచ్చింది. ఆయన లేనప్పుడు పని నడిపించింది ఓర్ అనే కుర్ర అధికారి. గోదావరి పూర్తయిన 1852లోనే ఆ ఓర్ విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట మొదలుపెట్టి 1855కు ముగించాడు. హేగ్ అనే మరో కుర్రవాడు గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కట్టాడు. 49 కమానుల ఆ వంతెన మీద నీరు, పడవలు నదికి అడ్డంగా ప్రయాణించేవి. దాంతో నగరం లంక మాగాణి అయింది. గురువు లేకపోయినా పని ఆగలేదు. మంచి గురువుకు ఇంతకన్న పరీక్ష ఏముంటుంది?

కాటన్ 1860లో పదవీ విరమణ చేశారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. 1874లో, డెబ్భై ఏళ్ళు దాటాక, ఇంగ్లండులోని చాతం సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో భారతదేశపు నీటిపారుదల మీద పాఠాలు చెప్పారు. చోళుల కాలపు పనివాళ్ళ విద్య అలా ఇంగ్లండు తరగతి గదికి చేరింది. ఆ ఉపన్యాసాలు 1968లో తెలుగునాట పుస్తకంగా మళ్ళీ అచ్చయ్యాయి. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

వీణం వీరన్న గారు

ఈ కథలో మన పిల్లలు తప్పక గుర్తుంచుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. వీణం వీరన్న గారు. ధవళేశ్వరం పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు. సబ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు. రాయ్ బహదూర్ బిరుదు పొందారు. 1867లో మరణించారు. ధవళేశ్వరంలో ఆయన జ్ఞాపకార్థం శిలాఫలకం ఉంది.

వీరన్న గారు ఏ పెద్ద కళాశాలలోనూ చదివినవారు కాదు. మరి ఆయన లేకపోతే ఈ పని అయ్యేది కాదని ఎందుకంటారు? ఒక్కసారి ఆ చోటును ఊహించుకోండి. నక్షాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పని తెలుగులో జరగాలి. దొర చెప్పిన కొలత తాపీమేస్త్రీకి అర్థమయ్యే మాటలో చెప్పాలి. ఈ చోట ఇసుక మెత్తగా ఉంది, ఇక్కడ నిలవదు అని మేస్త్రీ అన్న మాట దొర చెవికి చేరాలి. వేల మంది కూలీలను పిలిపించాలి, నిలబెట్టుకోవాలి. రెండు పక్కల మాటా తెలిసిన మనిషి మధ్యలో లేకపోతే ఎంత గొప్ప నక్షా అయినా కాగితం మీదే ఉండిపోతుంది.

నేను ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇదే. వారాంతపు తెలుగు బడి ఎందుకని కొందరు తల్లిదండ్రులు మొహమాటం లేకుండానే అడుగుతారు. స్కూల్లో ఇంగ్లీషు, హిందీ ఉన్నాయి, అరబిక్ కూడా ఉంది, రేపు ఇంజనీరింగ్ ఎలాగూ ఇంగ్లీషులోనే కదా అంటారు. నిజమే. కానీ ఇక్కడి ఏ కట్టుబడి దగ్గరికైనా వెళ్ళి చూడండి. నక్షా ఇంగ్లీషులో, యజమాని అరబిక్‌లో, పనివాళ్ళు తెలుగులో, ఉర్దూలో, బెంగాలీలో, మలయాళంలో. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చిన మన అన్నలు, మామయ్యలు ఈ ఎండలో పనిచేస్తున్నారు. రేపు మన పిల్లవాడు ఇంజనీరై అక్కడికి వెళితే, ఈ పలక కింద ఇసుక కదులుతోంది సార్ అని తెలుగులో చెప్పే మనిషి మాట వాడికి అర్థం కావాలా వద్దా? అర్థం కాకపోతే నష్టం పనివాడి కంటే ఇంజనీరుకే ఎక్కువ. ఒక్కోసారి ఆ నష్టం ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

అన్నీ విజయాలే కాదు

కాటన్‌ను దేవుణ్ణి చేసి చదివితే పాఠం సగమే వంటబడుతుంది. రైళ్ళ కంటే పడవల కాలువలే దేశానికి మేలని ఆయన పట్టుదల. ఆ ఆలోచనతో చేపట్టిన ఎగువ గోదావరి పడవమార్గం పూర్తికాకుండానే 1871లో వదిలేశారు. ఆయన ఉత్సాహంతో ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ ఆ కంపెనీని నష్టాల్లో ముంచింది. చివరికి 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. రైతులకు మాత్రం అది నేటికీ ఉపయోగపడుతోంది. గోదావరి ఆనకట్ట కూడా దానధర్మం కాదు. శిస్తు పెరుగుతుందనే లెక్కతోనే కంపెనీ డబ్బు పెట్టింది, శిస్తు పెరిగింది కూడా. ఇవన్నీ తెలిసే జనం ఆయనను గౌరవిస్తున్నారు. కంపెనీ లెక్క ఏదైనా, పొలానికి నీరు వచ్చింది.

పాత ఆనకట్ట వందేళ్ళకు పైగా పనిచేశాక, దాని స్థానంలో 1970 - 1982 మధ్య 175 గేట్లతో కొత్త బ్యారేజి కట్టారు. దానికి కాటన్ పేరే పెట్టారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదను ఆ బ్యారేజి తట్టుకుంది. ఈనాడు సుమారు 10 లక్షల ఎకరాలకు అక్కడి నుంచే నీరు అందుతోంది. మనం ఇక్కడ లులులో కొనుక్కునే కోనసీమ కొబ్బరి, గోదావరి బియ్యం వెనక ఈ కథంతా ఉంది.

మరి మన అల్ ఖర్జ్?

పిల్లలూ, నీటి కథ కోసం గోదావరి దాకా పోనక్కరలేదు. మనం ఉంటున్న ఊరు కూడా నీటి వల్ల పుట్టిన ఊరే. ఇక్కడ లోతైన సహజ ఊటలు ఉండేవి. అరబిక్‌లో ఊటను ఐన్ అంటారు. ఐన్ ఫిర్జాన్ దగ్గర పూర్వులు భూమి అడుగున కాలువలు తవ్వి, ఎండకు ఆవిరి కాకుండా నీటిని పొలాలకు తీసుకెళ్ళారు. వాళ్ళ పేర్లు కూడా మనకు తెలియవు, కల్లణై తాపీవాళ్ళ లాగే. 1940లలో అమెరికా నిపుణుల సాయంతో ఇక్కడ పెద్ద ఎత్తున వ్యవసాయం మొదలైంది. పంపులు వచ్చాయి. ఊటలో ఊరేదానికంటే తోడేది ఎక్కువైంది. ఒకప్పటి నిండు ఊటలు ఎండిపోయి గుంటలు మిగిలాయి.

గోదావరి నీరు ఏటా వచ్చే జీతం లాంటిది. ఇక్కడి భూగర్భ జలం ఎప్పుడో వేల ఏళ్ళ కిందట తాతలు దాచిన సొమ్ము. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన పడటమే కష్టమైన చోట ఆ సొమ్ము మళ్ళీ చేరదు. అందుకే సౌదీ ప్రభుత్వం నీరు ఎక్కువ తాగే గోధుమ కొనుగోలును 2008 నుంచి తగ్గిస్తూ 2016కు ఆపింది. ఊరి చుట్టూ కనబడే గుండ్రటి పచ్చటి పొలాలను, పెద్ద పాడి పరిశ్రమలను చూసినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఇంట్లో కుళాయి కట్టేయడం కూడా ఇంజనీరింగే.

ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: లోతైన ప్లాస్టిక్ ట్రే, జల్లించిన ఇసుక (మనకు దానికి కొదవ లేదు), ఒక చెక్క స్కేలు, ట్రే వెడల్పుకు సరిపోయే పలచని ప్లాస్టిక్ అట్ట, గులకరాళ్ళు, నీళ్ళు.

1. ట్రేలో సగం దాకా తడి ఇసుక పరచండి. స్కేలును అడ్డంగా, ఇసుకలోకి కొంచెం మాత్రమే దిగేలా నిలబెట్టండి. అంచుల్లో సందు లేకుండా పిండిముద్దతో మూయండి.
2. ఒక పక్క మెల్లగా నీళ్ళు పోయండి. అవతలి పక్క స్కేలు మొదట్లో ఇసుక ఉబికి కదలడం గమనించండి. కాసేపటికి స్కేలు ఒరుగుతుంది.
3. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టి, స్కేలు ముందు నీళ్ళు పోసే పక్క ఇసుక మీద ప్లాస్టిక్ అట్ట పరవండి. అట్టకూ స్కేలుకూ మధ్య సందును పిండితో మూయండి. అవతలి పక్క గులకరాళ్ళు పరవండి.
4. అంతే నీళ్ళు పోయండి. రెండిట్లో ఏది ఎక్కువసేపు నిలిచిందో గడియారం చూసి రాసుకోండి. ఎందుకో మీ మాటల్లో, తెలుగులో నాలుగు వాక్యాలు రాసి తరగతికి తీసుకురండి.

కొత్త మాటలు

పాయ – నది చీలిన కొమ్మ. లంక – నది మధ్యలోని దీవి. తూము – నీటిని వదిలే ద్వారం. మేట – నీరు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు కుప్ప. మాగాణి – నీటి సదుపాయం ఉన్న వరి పొలం. శిస్తు – భూమి మీద పన్ను. నక్షా – పటం, ప్లాను.

ప్రశ్నలు

1. గోదావరి పక్కనే ఉన్నా 1841 నాటికి ఆ జిల్లా జనాభా ఎందుకు తగ్గింది?
2. ఆనకట్టకు, జలాశయానికి తేడా ఏమిటి?
3. ఆనకట్ట కింద నీటి దారిని ఎందుకు పొడుగు చేయాలి?
4. కాటన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎవరికి నేర్పారు?
5. వీరన్న గారి లాంటి మనిషి మీకు తెలిసిన పనిచోట ఎవరైనా ఉన్నారా? మీ నాన్నగారినో మామయ్యనో అడిగి, వారు ఏయే భాషల మధ్య మాట దాటిస్తారో ఒక పేజీ రాయండి.

అయిదో ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. ఫోన్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళను అడగాలి. వచ్చే శుక్రవారం తరగతిలో అందరివీ చదువుకుందాం.